నారుమడిలో మంట, ఎడారిలో పొగ

ప్రశ్న: మా తాతగారు పొగాకు నారుమడి మీద ఎండు చెత్త పరిచి, కాల్చి, ఆ తరవాతే విత్తనం చల్లేవారు. అమెరికా ఎడారుల్లో ఒక అడవి పొగాకు మంటలు ఆరిన నేల మీదే మొలుస్తుందని ఈమధ్య చదివాను. ఈ రెండింటికీ సంబంధం ఉందా? ఆ విత్తనం తెప్పించి మన నేలలో వేయవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సంబంధం లేదు. మడిని కాల్చడం కలుపు గింజలనూ నులిపురుగులనూ చంపడానికే. మనం పండించే నికోటియానా టబాకమ్ విత్తనానికి పొగతో పనిలేదు. మీరు చదివింది నికోటియానా అటెన్యుయేటా గురించి అయి ఉండాలి. కొయోటీ పొగాకు అని పిలిచే ఈ మొక్క యూటా, నెవాడా ఎడారుల్లోనూ కాలిఫోర్నియాలో చాపరల్ అనే పొదల నేలల్లోనూ పెరుగుతుంది. దాని గింజలు ఏళ్ల తరబడి మట్టిలో నిద్రపోయి, కాలిన కట్టె పొగలోని రసాయనాలు నీటితో తమను చేరినప్పుడు మేల్కొంటాయి. అప్పటికి పోటీ మొక్కలు కాలిపోయి ఉంటాయి, నేలలో నత్రజని సమృద్ధిగా ఉంటుంది. అక్కడి ఆదివాసులు ఈ ఆకు కోసమే నేలను కాల్చి విత్తనం చల్లిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి, మీ తాతగారి పద్ధతితో పోలిక మీకు తోచడంలో వింత లేదు.

నాకు మాత్రం మొలకెత్తడం కన్నా ఆ మొక్క తనను కాచుకునే తీరే ఆసక్తికరం. జర్మనీలో యేనా నగరంలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఇయాన్ బాల్డ్విన్ బృందం దీన్ని దశాబ్దాల పాటు పరిశీలించింది. పురుగు ఆకును కొరికితే జాస్మోనిక్ ఆమ్లం అనే సంకేతం అందుకుని వేర్లు మరింత నికోటిన్ తయారుచేసి పైకి పంపుతాయి. అయితే నికోటిన్‌ను తట్టుకోగల మాండుకా గొంగళి పురుగు మీద ఆ విషం అంతగా పనిచేయదు. దాని నోటి ద్రవాన్ని గుర్తుపట్టిన మొక్క నత్రజనిని వృథా చేసుకోకుండా నికోటిన్ పెంపును తగ్గించి, ఆకుల నుంచి ఒక వాసన వదిలి, గుడ్లనూ పిల్ల పురుగులనూ తినే చిన్న వేట పురుగులను రప్పిస్తుంది. రాత్రి విచ్చుకునే పూలకు తేనె కోసం వచ్చి పరాగసంపర్కం చేసే రెక్కల పురుగే ఆ గుడ్లు పెట్టేది కూడా. అందువల్ల దాడి ఎక్కువైతే కొన్ని పూలు ఉదయం విచ్చుకోవడం మొదలవుతుంది. అప్పుడు ఆ పని హమ్మింగ్ బర్డ్ అనే చిన్న పక్షి మీద పడుతుంది. ఈ సంగతి 2010లో ప్రచురితమైంది.

మీ ఇంట్లోవారు పొగాకు మొక్కల తలలు, అంటే పూమొగ్గలున్న చివళ్లు, తుంచినప్పుడు ఆకు ఘాటెక్కడం చూసే ఉంటారు. ఎడారి మొక్కను పురుగు కొరికినా, పొలంలో రైతు తుంచినా, నికోటిన్ తయారయ్యేది వేర్లలోనే.

ఇక విత్తనం మాట. మన మార్కెట్‌లో ఈ ఆకును కొనేవారు లేరు. పైగా విదేశీ విత్తనాన్ని మొక్కల క్వారంటైన్ అనుమతి లేకుండా తెప్పించకూడదు. పొగాకు పండే జిల్లాలో దానితో కొత్త తెగులు వస్తే నష్టపోయేది మీ పక్క పొలం రైతులే. కాబట్టి తెప్పించవద్దు.