బ్యాకప్ క్యాచర్ అంటే బెంచీ మీద బతుకేనా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబు పదకొండో తరగతి, స్కూల్ బేస్‌బాల్ జట్టులో క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని పిచ్చర్ విసిరే బంతులు పట్టేవాడు. ప్రొఫెషనల్‌గా వెళ్తే బ్యాకప్ క్యాచర్‌గా, అంటే జట్టులో రెండో క్యాచర్‌గా నిలబడతాడని కోచ్ అంటున్నారు. జీతం ఎంత? స్కూల్ అవగానే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కి పంపాలా, కంప్యూటర్ సైన్స్‌లో చేర్చాలా? పోల్చి చెప్పండి. ఊరూరా తిరిగి ఆడే ట్రావెల్ టీమ్‌కి, పిల్లల ఆటను కొలిచి చూపించే షోకేస్‌లకి ఇప్పటికే చాలా పెట్టాం. — ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆట మారినా తల్లుల ప్రశ్న మారదు. పోలిక అడిగారు గానీ, బిడ్డ ఎప్పటికీ రెండోవాడిగానే మిగులుతాడేమోనన్నది మీ అసలు దిగులు. ముందు దాని సంగతి చూద్దాం.

162 ఆటల సీజన్‌లో రోజూ గొంతుక్కూర్చుని బంతులు పట్టడం ఏ మోకాళ్లకూ సాధ్యం కాదు. అందుకే అన్నిటికన్నా పైదైన మేజర్ లీగ్‌లో జట్టు 26 మందిలో సాధారణంగా ఇద్దరు క్యాచర్లుంటారు. రెండో క్యాచర్ ఆడని రోజు కూడా పిచ్చర్ల చేత సాధన చేయిస్తాడు, ఎదుటి బ్యాటర్లను చదువుతాడు. జెఫ్ మాథిస్ అనే క్యాచర్ కెరీర్ బ్యాటింగ్ సగటు .194, అంటే చాలా తక్కువ. అయినా 17 సీజన్లు నిలిచాడు, మీ పక్కనున్న టెక్సాస్ రేంజర్స్ జట్టుకీ ఆడాడు. 2023లో అదే రేంజర్స్‌ని వరల్డ్ సిరీస్ గెలిపించిన మేనేజర్ బ్రూస్ బోచీ ఒకప్పటి బ్యాకప్ క్యాచరే.

జీతం: మేజర్ లీగ్‌లో 2025 కనీసం 7,60,000 డాలర్లు. కానీ అక్కడికి చేరేదాకా కింది మెట్లయిన మైనర్ లీగే. అందులో పై మెట్టయిన ట్రిపుల్-ఏలో 2023 ఒప్పందం ప్రకారం ఆ ఏడాది కనీసం 35,800 డాలర్లు. ఎరిక్ క్రాట్జ్ అనే క్యాచర్‌ను 2002లో డ్రాఫ్ట్ చేస్తే, మేజర్ లీగ్‌లో తొలి ఆట 2010లో, ముప్పై ఏళ్లకు ఆడాడు.

ఇక షోకేస్‌లు. నాకు వీటి మీద నమ్మకం తక్కువ. అక్కడ కొలిచేది రెండో బేస్‌కి బంతి ఎన్ని సెకన్లలో చేరిందని, బ్యాట్‌కి తగిలి ఎంత వేగంగా వెళ్లిందని. తడబడుతున్న పిచ్చర్‌ని ఎలా నిలబెట్టాడో ఏ రాడార్ చెప్పదు. బ్యాకప్ క్యాచర్‌కి అన్నం పెట్టేది మాత్రం అదే. పైగా ఎదిగే మోకాళ్లకు ఏడాదంతా విరామం లేదు. ఒక మాట కటువుగా అంటున్నాను: జీతం అడిగారు, పెట్టిన ఖర్చు చెప్పారు. బాబు ఏమంటున్నాడో ఒక్క ముక్క రాయలేదు. వాడి మోకాళ్లు మీ పెట్టుబడి కాదమ్మా.

నా సలహా, కాలేజీకే పంపండి, అక్కడే ఆడనివ్వండి. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడాది తర్వాతో, 21 నిండాకో మళ్లీ డ్రాఫ్ట్‌కి అర్హుడవుతాడు. అప్పటికి డిగ్రీ చాలావరకు చేతికొస్తుంది. కంప్యూటర్ సైన్స్ వాడికి ఇష్టమైతేనే. స్పానిష్ మాత్రం తప్పక నేర్పించండి. డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా పిచ్చర్లతో వాళ్ల భాషలో మాట్లాడగల క్యాచర్‌ని ఏ జట్టూ తేలిగ్గా వదులుకోదు.

ఈ వేసవిలో షోకేస్ ఒకటి మానేసి, మీ ఊళ్లోనే ఉన్న మైనర్ లీగ్ జట్టు రఫ్‌రైడర్స్ ఆటకి వాడితో వెళ్లండి. ఆ రోజు ఆడని క్యాచర్ ఏం చేస్తున్నాడో వాడినే చెప్పమనండి. మీరు వినండి.