ముందు గంట మీది అక్షరాలు చదువు

అమ్మాయీ,

విశాఖ పాతపట్నంలో మీ విచారణ (పారిష్) గుడి గంటల గురించి నువ్వు రాసింది శ్రద్ధగా చదివాను. మన ఊరి గుళ్ల మీద రాసేవాళ్లు కట్టించిన దొర పేరూ పునాది రాయి తేదీ చెప్పి ఆగిపోతారు. ఊరంతా రోజూ విన్న గంట సంగతి ఎవరూ ఎత్తరు. నువ్వు ఎత్తావు, నాకు నిజంగా సంతోషం.

కానీ రెండో పేజీ దగ్గర నిన్ను ఆపాలి. ఎస్.ఎఫ్.ఎస్. ఫాదర్లు, అంటే సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు, 1846లో విశాఖ వచ్చారు, వాళ్ల ఊరు ఫ్రాన్స్‌లోని ఆన్సీ, కాబట్టి మన గంటలూ ఆన్సీ నుంచే వచ్చాయని రాసేశావు. ఆశ పుట్టించే ముడే అది. ఆన్సీ పక్క ఊళ్లో పకార్ కుటుంబం 1796లోనే గంటలు పోయడం మొదలుపెట్టింది. పారిస్‌లో సాక్రేకర్ గుడి పెద్ద గంటను 1891లో పోసింది కూడా వాళ్లే. అయినా ఫాదర్ల ఊరూ గంటల ఊరూ ఒకటే అనడానికి ఇది చాలదు. ఇంకో మాట, 1846లో ఆన్సీ ఫ్రాన్స్‌లో లేదు. సవోయ్ ప్రాంతం ఫ్రాన్స్‌లో కలిసింది 1860లో. ఆ వాక్యం దిద్దు.

గంటనే అడుగు. ఫాదర్ గారి అనుమతి తీసుకుని, దారి తెలిసినవాళ్లను తోడు పెట్టుకుని గోపురం ఎక్కు. పోత పోసేటప్పుడే అచ్చులో పెట్టిన ఉబ్బెత్తు అక్షరాలు చాలా గంటల భుజం చుట్టూ, నడుము మీదా ఉంటాయి. పోసినవాళ్ల పేరు, సంవత్సరం, దాత పేరు, ఏ పునీతుడి పేరు పెట్టారో అది. లాటిన్‌లో ఉన్నా కంగారు పడకు, పల్చటి కాగితం ఆనించి పెన్సిలు అడ్డంగా రుద్దితే అక్షరం అక్షరం లేస్తుంది. పావురాల రెట్ట మెత్తటి బ్రష్‌తో దులుపు, చాలు. పచ్చటి చిలుమును మాత్రం చింతపండుతో తోమకు. గంట కంచు, సుమారు ఐదింట నాలుగు పాళ్లు రాగి, మిగతాది తగరం. మన సముద్రపు గాలికి ముందు తుప్పు పట్టేది ఇనప బోల్టులూ, గంట లోపల వేలాడే ఇనప నాలుకానూ. తర్వాత గంట అంచు లోపలివైపు వేలితో తడిమి చూడు. నాలుక ఏళ్ల తరబడి తగిలిన చోట కంచు అరిగి చిన్న గుంట పడుతుంది. ఆ గుంట గురించి ఒక పేరా రాయి. నీ వ్యాసంలో ఇప్పుడున్న 'మధురనాదం' కన్నా అది ఎక్కువ చెబుతుంది.

ఒక జాగ్రత్త. గంట మీద ఉండేది పోసిన సంవత్సరం, గోపురంలో కట్టిన సంవత్సరం కాదు. పైగా పగిలిన గంటను కరిగించి మళ్లీ పోసే అలవాటు ఉంది. అప్పుడు లోహం పాతదే, అంకె మాత్రం కొత్తది. అందుకే విచారణ రిజిస్టర్లూ జమాఖర్చుల పుస్తకాలూ చూడమంటున్నాను.

మూడు కొండల పేరా తీసెయ్యి. రాస్ కొండ మీద చర్చి, పక్కన దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి. విశాఖ మీద రాసే ప్రతివాళ్లూ ఆ పేరా రాస్తారు. దాని బదులు దర్గా కొండ కింద కాపురమున్న ముసలమ్మను ఒకరిని పట్టుకుని, పొయ్యి ఏ గంటకు ముట్టించేదో అడుగు.

గంట కొట్టినాయన దగ్గరకు వెళ్లడం మాత్రం వాయిదా వెయ్యకు. మైకులో రికార్డు గంట వినిపించే గుళ్లు పెరిగాయి, తాడు పట్టిన చేతులు తగ్గుతున్నాయి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చెప్పే త్రికాల జపానికి మూడేసి చొప్పున మూడు విడతలు, ఆపైన తొమ్మిది కొట్టడం సంప్రదాయం. ఆయన మధ్యలో ఎంత ఆగేవాడో చేత్తో చూపించమను. చావు గంట మీ గుళ్లో ఎలా కొట్టేవారో, పవిత్ర గురువారం పూజలో మహిమ గీతం తర్వాత గంటలు మూగబోతే పాస్కా (ఈస్టర్) ముందు రాత్రి జాగరణ దాకా చెక్క గిలక ఎవరు తిప్పేవారో అడుగు. ఆయన మాట్లాడిన భాషలోనే రాసుకో, గ్రాంథికంలోకి మార్చకు.

కాగితం మీద లేచిన అక్షరాలు ఫోటో తీసి పంపు. లాటిన్ చదివి చెప్పగలిగినవాళ్లు సెమినరీలో ఉంటారు, వాళ్ల దగ్గరకు కలిసే వెళ్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు