శిక్ష కొట్టినందుకా, తగిలిన గాయానికా?

మీరు అడిగింది ఇది: "ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఫుటీ) పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్‌లో ఆండ్రూ గాఫ్‌కి 8 మ్యాచ్‌ల సస్పెన్షన్, బ్రేడెన్ మేనార్డ్‌కి ఏమీ లేదు. ఇద్దరి వల్లా ఎదుటి ఆటగాడికి పెద్ద దెబ్బే తగిలింది. ఇందులో న్యాయం ఉందా? మేం మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చాం, మా బాబు ఫుటీ ఆడతానంటున్నాడు. చేర్పించమంటారా?"

చేర్పించండి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మొదటి ప్రశ్నకి మాత్రం కొంచెం ఓపిగ్గా చదవాలి. ఎందుకంటే టీవీలో చూసిన వాటితో పాటు నా కళ్ల ముందు జరిగినవి కూడా చెప్పాలి.

మేం మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉంటాం. మావాడు ఆరేళ్లప్పుడు చిన్నపిల్లలకి ఫుటీ నేర్పే ఆస్‌కిక్‌లో చేరి, అండర్-16 దాకా ఆడాడు. చివరి రెండు సీజన్లు ఆ జట్టుకి నేనే టీమ్ మేనేజర్‌ని. పేర్ల షీట్ నింపడం, వాటర్ బాటిళ్లు మోయడంతో పాటు, మన పిల్లాడి మీద అంపైర్ రిపోర్ట్ రాస్తే వాడి తరఫున లీగ్ ట్రిబ్యునల్ (విచారణ బృందం) ముందు కూర్చోవడం కూడా ఆ పనిలో భాగమే. ఒకే సీజన్‌లో రెండుసార్లు అక్కడికి వెళ్లాల్సి వచ్చింది.

మొదటిసారి మావాడి కోసమే. బంతి మైదానానికి ఆ చివర ఉంది. ఇటువైపు అవతలి జట్టు అబ్బాయి ఒకడు పక్కనుంచి వచ్చి మావాడి మొహం మీద గుద్దాడు. పెదవి చిట్లింది, జెర్సీ నిండా రక్తం. కానీ మౌత్‌గార్డ్ ఉండటంతో పళ్లు కదల్లేదు, ఎముక విరగలేదు. విచారణలో ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. గాయం చిన్నదే కాబట్టి 2 వారాలు అన్నారు.

నెలన్నర తర్వాత మా జట్టు పిల్లాడి వంతు వచ్చింది. దొర్లుతున్న బంతి కోసం ఇద్దరు చెరో వైపు నుంచి పరుగెత్తారు. మా జట్టు పిల్లాడు అరక్షణం ఆలస్యంగా చేరాడు, భుజం వెళ్లి అవతలివాడికి తగిలింది. కాలర్‌బోన్ విరిగింది. "నేను బంతినే చూస్తున్నాను" అని ఆ గదిలో వాడు మూడుసార్లు చెప్పాడు. 4 వారాలు వేశారు.

ఆ రాత్రి కారులో వాడు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక నాకూ నిద్ర పట్టలేదు. కావాలని గుద్దినవాడికి రెండు, బంతి కోసం పరుగెత్తినవాడికి నాలుగు. కాలర్‌బోన్ విరిగిన పిల్లాడి తల్లిదండ్రులకి ఆ నాలుగు కూడా తక్కువే అనిపించి ఉంటుంది, దాన్ని నేను తప్పు పట్టలేను.

ఇలా ఎందుకవుతుందో తెలియాలంటే లెక్క ఎలా కడతారో చూడాలి. ఆటలో జరిగిన తప్పుల్ని పరిశీలించడానికి ఏఎఫ్ఎల్‌లో 2005లో మ్యాచ్ రివ్యూ ప్యానెల్ పెట్టారు, 2018 నుంచి ఆ స్థానంలో ఒక్క అధికారి ఉన్నాడు. ఆయన ప్రతి ఘటనలో మూడు చూస్తాడు: కావాలని చేశాడా లేక అజాగ్రత్తా, దెబ్బ తలకా ఒంటికా, దాని తీవ్రత ఎంత. తీవ్రతకి నాలుగు మెట్లు. తల మీద తగిలినా, అజాగ్రత్త, స్వల్ప తీవ్రత అని రాస్తే జరిమానాతో పోతుంది. అదే అజాగ్రత్త, అదే తల, కానీ అత్యంత తీవ్రం అని రాస్తే కనీసం 3 మ్యాచ్‌లు. స్థానిక లీగ్‌లు వాడేదీ దాదాపు ఇలాంటి పట్టికే. తగిలే అవకాశమున్న గాయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని నిబంధనల్లో ఉంది. కానీ ఆచరణలో ఎక్కువ బరువు డాక్టర్ రిపోర్ట్‌దే.

ఇప్పుడు మీరు చెప్పిన ఇద్దరి సంగతికి వద్దాం. 2018 ఆగస్టులో పెర్త్‌లో వెస్ట్ కోస్ట్, ఫ్రీమాంటిల్ ఆడుతున్నప్పుడు బంతికి దూరంగా గాఫ్ ఒక గుద్దు గుద్దాడు. 18 ఏళ్ల ఆండ్రూ బ్రేషా దవడ విరిగింది, పళ్లు కదిలిపోయాయి. ఛాతీ మీద కొట్టబోయానని గాఫ్ ట్రిబ్యునల్‌కి చెప్పాడు. ఆయన్ని నమ్ముదాం. ఆ గుద్దు నిజంగానే ఛాతీకి తగిలి ఉంటే ఏ జరిమానాతోనో పోయేది, ఈరోజు మీరూ నేనూ దాని గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు. చెయ్యి ఎత్తాలన్న నిర్ణయం మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే. ఎనిమిది మ్యాచ్‌లు ఎక్కువని నేననను. ఛాతీకి తగిలితే అంత తక్కువెందుకు అన్నదే నా ప్రశ్న.

రెండో ఘటనలో దెబ్బ తిన్నది ఆండ్రూ అన్నయ్య ఆంగస్ బ్రేషా. ఒకే ఇంట్లో ఇద్దరు కొడుకులు. వాళ్ల అమ్మానాన్నల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది. 2023 సెప్టెంబర్‌లో కాలింగ్‌వుడ్, మెల్‌బోర్న్ ఫైనల్స్ మ్యాచ్. ఆంగస్ తన్నబోయే బంతిని అడ్డుకోడానికి మేనార్డ్ గాల్లోకి లేచాడు, దిగేటప్పుడు ఒళ్లు తిప్పాడు, భుజం ఆంగస్ తలకి తగిలింది. ఆంగస్‌ని స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ట్రిబ్యునల్ మేనార్డ్‌ని నిర్దోషి అంది. మేనార్డ్ ఆ ఏడాది ఛాంపియన్ జట్టులో ఆడాడు. ఆంగస్ మళ్లీ ఆడలేదు, 2024 ఫిబ్రవరిలో డాక్టర్ల సలహాతో 28 ఏళ్లకే ఆట మానేశాడు.

ఆ తీర్పు సరైనదే అని నా అభిప్రాయం. చాలామంది ఒప్పుకోరని తెలుసు. అప్పటి నియమం ప్రకారం బంతిని అడ్డుకోడానికి ఎగరడం తప్పు కాదు. లోపం ఉన్నది నియమంలో. తర్వాతి సీజన్‌కే దాన్ని మార్చారు, ఇప్పుడు అలా ఎగిరి తలకి తగిలిస్తే సాధారణంగా అజాగ్రత్త కిందికే వస్తుంది. ముందు నియమం చెప్పి, తర్వాత శిక్ష వేయడం సరైన వరుస. జనం కోపంగా ఉన్నారని ఒకడి మీద కొత్త నియమం ప్రయోగించి ఉంటే అది ఇంకా పెద్ద అన్యాయం అయ్యేది.

నాకు నిజంగా కోపం తెప్పించేవి వేరే. సీజన్‌లో మేటి ఆటగాడికి అంపైర్ల ఓట్లతో ఇచ్చేది బ్రౌన్‌లో మెడల్. 1997లో క్రిస్ గ్రాంట్‌కి ఆ ఓట్లు అందరికంటే ఎక్కువ వచ్చాయి. కానీ ఆ సీజన్‌లో ఒక్క వారం సస్పెండ్ అయ్యాడు కాబట్టి మెడల్ ఇవ్వలేదు. నియమం అంతే అన్నారు, అందరూ సర్దుకున్నారు. 2022లో బ్రిస్బేన్ ఆటగాడు కాలమ్ ఆ-చీని ఢీకొట్టినందుకు పాట్రిక్ క్రిప్స్‌కి 2 మ్యాచ్‌లు పడ్డాయి. క్రిప్స్ క్లబ్ ట్రిబ్యునల్‌కి వెళ్లి ఓడింది, అక్కడితో ఆగక అప్పీల్స్ బోర్డుకి వెళ్లింది. లాయర్లు గంటల తరబడి వాదించారు, విచారణలో చట్టపరమైన పొరపాటు జరిగిందని శిక్ష రద్దయింది. తర్వాతి నెలలో క్రిప్స్ 29 ఓట్లతో బ్రౌన్‌లో గెలిచాడు. 28 ఓట్లతో వెనకబడిన లాకీ నీల్‌ది కూడా బ్రిస్బేన్ జట్టే. క్రిప్స్‌ని ఏమీ అనను, ఉన్న హక్కు వాడుకున్నాడు. కానీ మా జట్టు పిల్లాడి తరఫున ఆ గదిలో కూర్చున్నది నేను. నాకు చట్టం తెలియదు, అప్పీల్‌కి డబ్బు కట్టే స్తోమత మా చిన్న క్లబ్‌కి లేదు.

మంచివాడన్న పేరు సంగతి కూడా అంతే. 2017లో రిచ్‌మండ్ ఆటగాడు బచార్ హౌలీ చెయ్యి తగిలి జెడ్ లాంబ్ స్పృహ తప్పాడు. హౌలీ నిజంగా మంచి మనిషి, సమాజానికి ఎంతో చేశాడు. విచారణలో ప్రధానమంత్రి పేరు కూడా వినిపించింది. 2 మ్యాచ్‌లతో సరిపెట్టారు, లీగ్ అప్పీల్ చేస్తే అది 4 అయింది. 2024లో చార్లీ కామెరాన్ ట్యాకిల్‌కి పడిన ఒక మ్యాచ్ శిక్ష, ఇన్నేళ్లలో ఒక్కసారీ సస్పెండ్ కాలేదని చూసి జరిమానాగా మారింది. అలాంటి రికార్డు గాఫ్‌కీ ఉండేది. మా జట్టు పిల్లాడికీ ఉండేది, అంతకు ముందు ఏడేళ్లలో ఒక్క రిపోర్ట్ లేదు. వాడి గురించి చెప్పడానికి పెద్దవాళ్లెవరూ లేరు, అంతే తేడా.

ఒకప్పుడు ఇంతకంటే అధ్వాన్నంగా ఉండేది. 1985లో హాథార్న్ దిగ్గజం లీ మాథ్యూస్ జీలాంగ్ ఆటగాడు నెవిల్ బ్రన్స్ దవడ విరగ్గొట్టాడు. అంపైర్లు రిపోర్టే చేయలేదు. తర్వాత లీగ్ మాథ్యూస్‌ని 4 వారాలు ఆటకి దూరం పెట్టింది, పోలీసులు కేసు కూడా పెట్టారు. ఈరోజు ఆటగాళ్ల సంఘం ఏటా ఇచ్చే అత్యుత్తమ ఆటగాడి ట్రోఫీకి ఉన్నది మాథ్యూస్ పేరే. అక్కడి నుంచి ఇక్కడిదాకా వచ్చారంటే మార్పు నిజమే.

గాయాన్ని అసలు లెక్క చూడొద్దని నేననడం లేదు. తలకి పదే పదే దెబ్బలు తగిలి సీటీఈ అనే మెదడు జబ్బు వచ్చినట్టు పాలీ ఫార్మర్, డానీ ఫ్రాలీ లాంటి వాళ్లు చనిపోయాక తేలింది. మహిళా క్రీడాకారిణి హెదర్ ఆండర్సన్‌కీ ఉన్నట్టు 2023లో బయటపడింది. ఇది తెలిశాక తలకి తగిలే దెబ్బని తేలిగ్గా తీసుకోవడం తప్పు. ఢీకొట్టడానికి బదులు బంతిని అందుకునే దారి ఉండీ ఢీకొట్టినవాడు ఫలితాన్ని మోయాల్సిందే. కానీ బంతికి దూరంగా పిడికిలి బిగించినవాడికి, అది ఎక్కడ తగిలినా, ఒక గట్టి కనీస శిక్ష ఉండాలి. గాయం ఆ మీద పెంచడానికే పనికి రావాలి, తగ్గించడానికి కాదు. అలాంటివాణ్ణి ఆ క్షణమే బయటికి పంపాలి కూడా. స్థానిక లీగ్‌లలో ఎర్ర కార్డు ఉంది, ఏఎఫ్ఎల్‌లో లేదు. దెబ్బ తిన్న జట్టు ఒక మనిషిని పోగొట్టుకుంటే, కొట్టిన జట్టు నిండుగా ఆడుతుంది.

వారాల లెక్కలో ఇంకో చిక్కు ఉంది. గాఫ్ 8 మ్యాచ్‌లలో ఒకటి ఆ ఏడాది గ్రాండ్ ఫైనల్, ఆయన జట్టు 5 పాయింట్ల తేడాతో గెలిచింది, ఆయన మైదానంలో లేడు. సీజన్ మొదట్లో పడిన వారం, చివర్లో పడిన వారం ఎప్పటికీ ఒకటి కావు. దీనికి మందు నాకు తోచలేదు.

ఇక మీ బాబు సంగతి. క్లబ్‌లో చేర్చేముందు కోచ్‌ని ఒక్క మాట అడగండి: తలకి దెబ్బ తగిలితే మీరేం చేస్తారు అని. కన్కషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) అయితే స్థానిక ఫుటీలో కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదు, ఏఎఫ్ఎల్‌లో 12 రోజులే. "ముఖ్యమైన మ్యాచ్ ఉంటే చూద్దాం" అనే కోచ్ దొరికితే ఇంకో క్లబ్ చూసుకోండి. మౌత్‌గార్డ్ మాత్రం షాపులో కొనే రకం వద్దు, డెంటిస్ట్ దగ్గర కొలత ఇచ్చి చేయించండి. ఖర్చు ఎక్కువని మా ఆవిడతో వాదించాను. ఆ శనివారం రక్తం కడిగి, మావాడి పళ్లు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూశాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.