సమాధుల సంరక్షణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాయనమ్మ సమాధి మీది పాలరాతి పలకకు పాచి పట్టి, అక్కడక్కడా నల్లబడింది. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే తెల్లబడుతుందని కొందరు, బ్లీచింగ్ చాలని కొందరు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: దయచేసి రెండూ వాడకండి. పాలరాయి అంటే కాల్షియం కార్బనేట్. యాసిడ్ పడగానే బుసబుసమని నురగ వస్తుందే, అది రాయి కరుగుతున్న నురగ. మురికితోపాటు పైపొర కూడా పోయి, లోపలి రాయి బయటపడుతుంది కాబట్టే తెల్లగా కనిపిస్తుంది. నునుపు పోయి గరుకెక్కిన రాయికి పాచి ఇంకా త్వరగా పడుతుంది. వెనిగర్, నిమ్మరసం కూడా ఇదే పని నిదానంగా చేస్తాయి. బ్లీచ్‌తో వచ్చే నష్టం వేరు. అందులోని లవణాలు రాతి రంధ్రాల్లోకి ఇంకుతాయి. తడిసి ఆరినప్పుడల్లా లోపల స్ఫటికాలు కట్టి, రాయిని పొడిపొడిగా రాలుస్తాయి.

ముందు వేలితో రాసి చూడండి. పంచదార పలుకుల్లా వేలికి అంటినా, తడితే డొల్ల చప్పుడు వచ్చినా, పగుళ్లు కనిపించినా ఆ రాయిని కడగొద్దు. గట్టిగా ఉంటే 15, 20 లీటర్ల మంచినీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్, స్పాంజి, ఒక చెక్కపుల్ల చాలు. రాయంతా బాగా తడపండి. కింది నుంచి పైకి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. పైనుంచి మొదలుపెడితే మురికినీళ్లు కింది భాగం మీద కారి చారలు పడతాయి, అవి తర్వాత ఓ పట్టాన పోవు. రుద్దిన చోట ఆరేలోపే కడిగేయండి. అక్షరాల్లోని పాచిని చెక్కపుల్లతో తీయండి. ఇనుప బ్రష్ గీతలు పెట్టడమే కాదు, దాని తునకలు రాతిలో ఇరుక్కుని తుప్పు మరకలవుతాయి. ప్రెషర్ వాషర్ జోలికి అసలే పోవద్దు.

నీళ్లతో లొంగకపోతే, యాసిడ్, బ్లీచ్ లేకుండా పాచిని చంపే బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి మందుతో రాతి కోసమే చేసిన క్లీనర్ తీసుకోండి. సీసా మీద చెప్పినట్టు కలిపి పూసి, 10 నుంచి 15 నిమిషాలు తడి ఆరకుండా చూసి, రుద్ది కడగండి. మిగిలిన నలుపు ఆ తర్వాత కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ లోపు కంగారుపడి మళ్లీ రుద్దకండి. ఎంత మెత్తగా రుద్దినా రాయి కొంచెం అరుగుతుంది కాబట్టి ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి మించి కడగవద్దు. రాయి పాతబడినట్టు కనిపించడం తప్పేమీ కాదు.

ప్రశ్న: అక్షరాలు అరిగిపోయాయి. సుద్దపొడి, పిండి రాస్తే చదవగలమంటారు, నిజమేనా?

జవాబు: చదవగలరు గానీ రాయి పాడవుతుంది. పిండి మిగిలిన చోట బూజు పడుతుంది, సుద్ద అరిగిన అంచులను ఇంకా అరగదీస్తుంది. ఏటవాలు వెలుగు చాలు. పలకకు నీడ పట్టి, టార్చిని పక్క అంచుకు ఆనించినట్టు ఉంచి వెలిగించండి. కంటికి ఆనని గీతలు కూడా నీడలతో తేలతాయి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి, ఒక వైపు నుంచి దొరకని అక్షరం ఇంకో వైపు నుంచి దొరుకుతుంది.

ప్రశ్న: నాకు శ్మశానంలో కాసేపు కూర్చోవడం ఇష్టం. ఇంట్లోవాళ్లు అదేం పిచ్చి అంటున్నారు.

జవాబు: పిచ్చేమీ కాదు. ఇళ్లు, రోడ్లు పడని పాత నేల, పెద్ద చెట్లు, తేదీ చెక్కిన రాళ్లు ఒక్కచోట దొరికేది అక్కడే. స్కాట్లాండ్ భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆర్చిబాల్డ్ గైకీ 1880లో ఎడిన్‌బరో సమాధుల మీది తేదీలు చూసుకుంటూ రాళ్లు ఎంత వేగంగా శిథిలమవుతున్నాయో పరిశీలించారు. ఆ ఊరి పొగకూ వానకూ పాలరాయి నూరేళ్లు కూడా తట్టుకోదని తేల్చారు. మీరూ చూడవచ్చు: సీసం నింపిన అక్షరాలున్న పాత పాలరాయి కనిపిస్తే, మెల్లగా వేలు ఆనించండి. చెక్కిన రోజున రాతితో సమంగా ఉన్న సీసం ఇప్పుడు కాస్త ఎత్తుగా తగులుతుంది. చుట్టూ రాయి అంత మేర కరిగిపోయిందన్నమాట. బూడిద, పసుపు రంగుల్లో గుండ్రంగా పరుచుకున్న మచ్చలు లైకెన్లు, అంటే శిలీంధ్రం, పాచి కలిసి బతికే జీవులు. చాలా రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. అరచేయంత లైకెన్‌ను గీకేయాలనిపించినప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి. పైగా దాని పోగులు రాతిలోకి దిగి ఉంటాయి, లాగితే రాతి రేణువులు కూడా ఊడి వస్తాయి.

ప్రశ్న: నిలువు రాయి పక్కకు ఒరిగింది. మేమే నిలబెట్టవచ్చా?

జవాబు: ముందు బరువు లెక్కేయండి. 90 సెంటీమీటర్ల ఎత్తు, 60 వెడల్పు, 10 మందం ఉన్న గ్రానైట్ పలక దాదాపు 145 కిలోలు. మీద పడితే కాలు విరుగుతుంది. పనితెలిసిన మేస్త్రీని పిలవండి. ఆయనకు రెండు మాటలు చెప్పండి: రాయి మొదలు చుట్టూ కాంక్రీటు పోయవద్దు, కంకర దట్టించి రసమట్టం పెట్టి నిలపమనండి. కాంక్రీటులో బిగించిన రాయికి కదలడానికి సందు ఉండదు, దెబ్బ తగిలితే సరిగ్గా ఆ అంచు దగ్గరే విరుగుతుంది. ఇటుక, సున్నంతో కట్టిన పాత సమాధికి ఇటుకల మధ్య సందుల్లో సిమెంటు దర్జులు పెట్టించవద్దు. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక కలపమనండి. సిమెంటు ఇటుక కన్నా గట్టిది, తేమను బయటికి పోనివ్వదు. అందుకే ఇటుక పెచ్చులూడుతుంది. పైన ప్లాస్టిక్ పెయింట్ కాకుండా వెల్ల వేయించండి.

కొత్త సమాధి అయితే ఆరు నెలల నుంచి ఏడాది వరకు, కనీసం ఒక వానాకాలం దాటేదాకా, బరువైన రాయి పెట్టవద్దు. వదులు మట్టి అప్పటికి గానీ సర్దుకోదు.

ప్రశ్న: పగుళ్లలో రావి మొక్క మొలిచింది. పీకేయాలా?

జవాబు: రెండాకుల మొక్కయితే తడిపి మెల్లగా పీకండి. కాడ ముదిరితే లాగవద్దు, వేరుతోపాటు రాయీ కదులుతుంది. మొదలంటా కోసి, చిగురు వేసినప్పుడల్లా మళ్లీ కోయండి. వేరు చచ్చి వదులయ్యాక తీసి, ఆ సందును సున్నంతో పూడ్చండి. కలుపుమందు రాతి మీద పిచికారీ చేయకండి, మరకలు పడతాయి. నాటాలనుకుంటే వేళ్లు పైపైనే ఉండే పూలమొక్కలే నాటండి, అవీ రాతికి జానెడు దూరంలో.