మాదాపూర్‌లో 70 గజాలు: 85 లక్షలకు అమ్మాలా?

ప్రశ్న: మాదాపూర్ పాత ఊళ్లో నాన్న 1994లో కొన్న 70 గజాల్లో మాకు రేకుల ఇల్లుంది. ఇంటి ముందే ఇస్త్రీ బండి, నెలకు 24,000 వస్తుంది. నా భార్య మూడు ఫ్లాట్లలో వంట చేసి 18,000 తెస్తుంది. హాస్టల్ కట్టడానికి ఒక బిల్డరు 85 లక్షలు ఇస్తానంటున్నాడు, అందులో 30 లక్షలు నగదుగా. నగరం అంచున కొల్లూరు వైపు 45 లక్షల్లో ఫ్లాటు కొని, మిగతాది బ్యాంకులో వేద్దామని నా ఆలోచన. ఆమె ఒప్పుకోవడం లేదు.

జవాబు: మీ ఆవిడకు లెక్కలు మీకన్నా బాగా వచ్చు.

1998లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం వచ్చాక మీ గజం ధర పెరిగింది, బండి మీదికి వచ్చే చొక్కాలూ పెరిగాయి. స్థలానికి ధర తెచ్చిన ఉద్యోగులే మీ గిరాకీ కూడా. బిల్డరు వెల కడుతున్నది స్థలానికి మాత్రమే. బండిని కొల్లూరుకు తరలించవచ్చు, బట్టలు వేసే ఇళ్లు వెంట రావు.

మీ ఇద్దరి సంపాదనలో సగం పోయిందనుకుందాం, అంటే నెలకు 21,000. అంత వడ్డీ రావాలంటే 7 శాతం చొప్పున 36 లక్షల డిపాజిట్ ఉండాలి. ఫ్లాటుకు 45 లక్షలు, దాని రిజిస్ట్రేషన్‌కు దాదాపు 7.5 శాతం, అంటే మూడు లక్షల పైచిలుకు. మూడూ కలిపితే అప్పుడే 84 లక్షలు దాటింది. ఇంకా పన్ను కట్టలేదు, మెయింటెనెన్సు మొదలుకాలేదు.

పన్ను సంగతి: 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొనుగోలు ధరగా చూపవచ్చు. లాభంలో కొత్త ఇంటికి పెట్టినంత మేరకు మినహాయింపు ఉంటుంది. మిగిలినదానిపై 12.5 శాతం, లేదా ద్రవ్యోల్బణాన్ని సర్దుబాటు చేసి 20 శాతం, ఏది తక్కువైతే అది.

నగదు మాటెత్తగానే మాత్రం లేచి వచ్చేయండి. స్థలం అమ్మకంలో 20,000 లేదా అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానాగా పడవచ్చు. కాగితం మీద లేని సొమ్మును ఎగ్గొడితే అడిగే దారీ ఉండదు.

నేనైతే పైన ఒక గది, వంటిల్లు వేయించి అద్దెకిస్తాను. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటకపోతే విడిగా అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయితో ఆన్‌లైన్‌లో నమోదు చాలు. రేకుల ఇంటి పునాది పై అంతస్తును మోయకపోవచ్చు, ముందు ఇంజనీరుకు చూపించండి. పాత ఊరి స్థలం కాబట్టి ఈసీ (స్థలంపై పాత లావాదేవీలు, తాకట్లు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీసి, దస్తావేజులను వకీలుతో చదివించండి.

అయినా మనసు కొల్లూరు వైపే లాగితే, మీ ఆవిడ వంటకు వెళ్లే వేళను బట్టి ఒక సోమవారం ఉదయం ఇద్దరూ అక్కడ బస్సెక్కి మాదాపూర్ రండి. ఆమె మొదటి ఇంటి తలుపు ఎన్నింటికి తట్టగలిగిందో రాసుకుని, ఆ తర్వాతే బిల్డరుకు ఫోను చేయండి.