ఆపరేషన్‌తో బాపుకు పొలమారుడు ఆగుతదా?

ప్రశ్న: మా బాపుకు 62 ఏండ్లు. ఏఎల్‌ఎస్ (కండరాలను నడిపే నరాలు చచ్చుబడే జబ్బు) వచ్చి రెండేండ్లాయె. పొట్టకు పైపు వేయించినం. అయినా ఉమ్మి ఊపిరితిత్తుల్లకు పోయి రెండుసార్లు నిమోనియా అయింది. గాలిగొట్టాన్ని వేరుచేసే ఆపరేషన్ ఉన్నదంటున్నరు. చేయించాల్నా?
– ఒక కొడుకు, హన్మకొండ

జవాబు: పైపు తిండి సంగతి చూస్తుంది గానీ ఉమ్మిని ఆపలేదు తమ్ముడూ. ట్రాకియాస్టమీ, అంటే మెడకు రంధ్రం చేసి గాలిగొట్టంలో ట్యూబు పెట్టడం కూడా పూర్తిగా ఆపదు, ట్యూబు చుట్టూ ఉండే గాలిబుడగ (కఫ్) పక్కనుంచి ఉమ్మి జారుతూనే ఉంటుంది. మీరు విన్నది స్వరపేటికకు, గాలిగొట్టానికి లంకె తెంచే ఆపరేషన్. 1975 నాటి నుంచీ ఉన్నదే. స్వరపేటికను మొత్తంగా తీసేయడం ఇంకో దారి. ఎట్లా చేసినా ఇక ఊపిరి మెడ రంధ్రం నుంచే, ఉమ్మికి అటు తోవే ఉండదు. మింగే బలం మిగిలుంటే నోటికి నాలుగు చెంచాల గటక కూడా పెట్టొచ్చు.

పోయేది మాత్రం మాట. ఆయన పిలుపు మీకింకా అర్థమవుతుంటే నేనైతే తొందరపడను. ముందు ఉమ్మి తగ్గించే మందులు, లాలాజల గ్రంథుల్లో బొటాక్స్ ఇంజెక్షన్, ఇంట్లో ఉమ్మిని లాగేసే సక్షన్ మిషన్ చూడండి. మాట ఇప్పటికే పోయి, నిమోనియా వదలకుంటే లెక్క వేరు. అప్పుడు కూడా మత్తు తట్టుకునే ఊపిరి ఉందో లేదో పరీక్ష చేయించాలి. జబ్బు మాత్రం దీనితో ఆగదు.

బాపును అడిగారా? పలక మీద రాసైనా, కనుసైగతోనైనా ఆయన్నే అడగండి. చిన్నాయనల సలహాలు తర్వాత.