మేడ మీది ల్యాప్‌టాప్‌కు కింది ప్రింటర్ ఎందుకు కనిపించదు?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో మాది రెండంతస్తుల ఇల్లు. ఇంటర్నెట్ సంస్థవారు బిగించిన రౌటర్ కింద ఉంది. పైకి సిగ్నల్ అందడం లేదని మరో రౌటర్ కొని, కింది నుంచి కేబుల్ లాగించి దాని వ్యాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ కేబుల్ పెట్టే చోట) పెట్టించాము. పైన ఇంటర్నెట్ బాగానే వస్తోంది గానీ, కింద మామగారి గదిలో ఉన్న ప్రింటర్ పైనున్న ల్యాప్‌టాప్‌కు కనిపించడం లేదు. ల్యాప్‌టాప్‌ను కిందికి తెచ్చి కింది వైఫైకి కలిపితే ప్రింటు వెంటనే వస్తుంది. పైగా కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి ప్రింటర్ అడ్రసు (నెట్‌వర్కులో దానిని గుర్తించే అంకెల వరుస) మారిపోతోంది. దుకాణంవారు ప్రింటర్ మార్చమంటున్నారు. మార్చాలా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: మార్చనక్కరలేదు. మీరు పంపిన వివరాల ప్రకారం కింది రౌటర్ అడ్రసు 192.168.1.1, పైదాని అడ్రసు 192.168.0.1. మూడో అంకె వేరుగా ఉండడాన్ని బట్టే మీ ఇంట్లో ఒకటి కాదు, రెండు నెట్‌వర్కులు నడుస్తున్నాయని అర్థమవుతోంది. మీ ఊళ్లో ప్రతి లేఅవుట్‌లోనూ ఒక మూడో క్రాస్ (అడ్డవీధి) ఉన్నట్టే, 192.168తో మొదలయ్యే అడ్రసులు ఎవరి ఇంట్లో వారు వాడుకోవడానికి 1996లోనే ప్రత్యేకించి పెట్టినవి. ఇల్లు దాటితే వాటికి విలువ లేదు. మీ పై రౌటర్ మాత్రం కింది నెట్‌వర్కునే బయటి ప్రపంచంగా భావిస్తోంది.

ల్యాప్‌టాప్ ప్రింటర్‌ను వెతకడం ఊళ్లో చాటింపు వేయడం లాంటిది. ఆ చాటింపు పొలిమేర దాటదు, అంటే రౌటర్‌ను దాటి అవతలి నెట్‌వర్కుకు చేరదు. కాబట్టి పేరు పెట్టి వెతికితే దొరకని ప్రింటర్, దాని అడ్రసును అంకెలతో ఇస్తే పై నుంచి కూడా చాలాసార్లు పనిచేస్తుంది. ఒకసారి ప్రయత్నించి చూడండి. దుకాణంవారికి చూపించడానికైనా పనికివస్తుంది.

సరైన పరిష్కారం ఏమిటంటే, ఇంట్లో అడ్రసులు పంచే పని, అంటే డీహెచ్‌సీపీ, ఒక్క కింది రౌటర్‌కే వదిలి, పైదానిని వైఫై అందించే పనికి మాత్రమే పరిమితం చేయడం. పై రౌటర్ సెట్టింగుల పేజీలో యాక్సెస్ పాయింట్ మోడ్ అనేది ఉంటే దానిని ఎంచుకుని సేవ్ చేయండి. రౌటర్ తిరిగి మొదలయ్యాక పని అయిపోయినట్టే.

ఆ మోడ్ లేకపోతే చేత్తో మార్చుకోవాలి. ఇక్కడ వరుస తప్పితే చిక్కులు వస్తాయి. మొదట పై రౌటర్ వ్యాన్ పోర్టులోని కేబుల్ తీసేయండి. అది ఉండగా మార్చబోతే, రెండు వైపులా ఒకే నెట్‌వర్కు కుదరదని చాలా రౌటర్లు ఒప్పుకోవు. తరువాత దాని ల్యాన్ అడ్రసును, అంటే ఇంటి లోపలి వైపు అడ్రసును, 192.168.1.2గా, సబ్‌నెట్ మాస్కును (అడ్రసులో ఎంత భాగం నెట్‌వర్కుదో చెప్పే సంఖ్యను) 255.255.255.0గా మార్చి, కొత్త అడ్రసుతో మళ్లీ లాగిన్ అయి, అప్పుడు మాత్రమే డీహెచ్‌సీపీని ఆపండి. అడ్రసు మార్చకముందే డీహెచ్‌సీపీని ఆపితే ల్యాప్‌టాప్ తనకు తానే 169.254తో మొదలయ్యే అడ్రసు పెట్టుకుని కూర్చుంటుంది, సెట్టింగుల పేజీ తెరుచుకోదు. చివరగా కింది నుంచి వచ్చే కేబుల్‌ను వ్యాన్ పోర్టులో కాక, ల్యాన్ పోర్టులలో ఒకదానిలో పెట్టండి. కింది రౌటర్ పంచే పరిధిలో 192.168.1.2 ఉండకూడదు గనుక, ఆ పరిధిని 192.168.1.100 నుంచి 192.168.1.199 వరకు పెట్టుకోండి. ఒక ఇంటికి వంద అడ్రసులు ధారాళంగా సరిపోతాయి.

ఇక ప్రింటర్ అడ్రసు మారడం. డీహెచ్‌సీపీ ఇచ్చే అడ్రసు అద్దె ఇల్లు లాంటిది, గడువు తీరినా రౌటర్ ఆగి మళ్లీ మొదలైనా మారవచ్చు. ప్రింటర్‌లోనే స్థిరమైన అడ్రసు రాసి పెట్టమని కొందరు చెబుతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు, ఎందుకంటే రేపు రౌటర్ మారితే ఆ ప్రింటర్ ఏ నెట్‌వర్కుకూ చెందక మిగిలిపోతుంది. దానికి బదులు కింది రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ తెరిచి, ప్రింటర్ మ్యాక్ అడ్రసులోని (తయారీలోనే పరికరానికి ఇచ్చే గుర్తింపులోని) 12 అక్షరాలను, దానికి ఎదురుగా 192.168.1.150ని నమోదు చేయండి. ప్రింటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఇక ఎప్పుడూ అదే అడ్రసు వస్తుంది.

ప్రశ్న: ఇదే విధంగా నా ఫోనుకు అడ్రసు రిజర్వు చేసినా నిలవడం లేదు. రౌటర్ లోపమా?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: కాదు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 వచ్చినప్పటి నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రసును దాచి, వైఫైకి ఒక కల్పిత అడ్రసు చూపిస్తున్నాయి. మీరు ఫోను వివరాల పేజీలో కనిపించే అసలుదాన్ని నమోదు చేసి ఉంటారు. ఫోనులో మీ ఇంటి వైఫై పేరు మీద నొక్కి, ఆ ఒక్క నెట్‌వర్కుకు మాత్రం ఈ దాపరికాన్ని ఆపివేయండి. బయటి వైఫైలకు దానిని అలాగే ఉంచండి.